అర్థం: కంగారు

కుదురు 1
భాద్రపద శుద్ధ విదియ

ఈ పుస్తకంలో అర్థాలు రాయకూడదట. ఇక్కడ ఆడవాళ్ళ చేత ఒంటి సాధన చేయించే కెజియా పెట్టిన మొదటి నియమం అది.

"మామ్మగారూ, ఒళ్ళు ఏం చేసిందో అది రాయండి. చెయ్యి వణికితే వణికిందని రాయండి. భయపడి వణికిందని రాయొద్దు. అది మీకు తెలీదు."

ముప్పై రెండేళ్ళ పిల్ల డెబ్భై ఎనిమిదేళ్ళదానికి ఏది తెలియదో చెప్పింది. నలభై ఏళ్ళు అర్థాలు రాసి అన్నం తిన్నదాన్ని. చేపను పట్టుకుని నీళ్ళు ముట్టుకోకు అన్నట్టుంది.

నన్ను ఎంచుకోవడంలో నా గొప్పేమీ లేదు. ఈ గదిలో యంత్రం ఉండకూడదని షరతు కాబట్టి చేతిరాత కావాలి. కొత్తగట్టు మొత్తం మీద కలం పట్టి తిన్నగా రాయగలవాళ్ళం ముగ్గురం మిగిలాం. ఒకరికి చెయ్యి వణుకు. ఇంకొకరు మగవారు. మా మనవరాలు ఆర్ద్ర "వెళ్ళు అమ్మమ్మా, రోజంతా నా మాటలు దిద్దుతావు, కొన్నాళ్ళు ఇంకెవరివో దిద్దు" అని సాగనంపింది.

గది ఒకప్పుడు వలల గిడ్డంగి. గోడకు చెవి, అంటే మాటలు వినే యంత్రం, ఉండాల్సిన చోట గుండ్రటి కన్నం ఉంది. చెవిని పీకేసి గుడ్డలు కుక్కారు. గట్టు మీద ప్రతి గదిలోనూ చెవి ఉంటుంది, మా వంటింట్లో కూడా. "విను" అంటేనే వింటుందని చెబుతారు. మా అత్తగారూ అలాగే చెప్పేవారు.

మధ్యాహ్నం పోటుకి తాళ్ళ షెడ్డుకు వెళ్ళే బాట మునిగిపోతుంది. నీళ్ళు తీసేదాకా పని ఉండదు. ఆ రెండు గంటలూ కుదురు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేల మీద నిలవదు, కింద గడ్డితో చుట్టిన కుదురు పెట్టాలి. ఆ మాట కెజియాకి ఎవరు చెప్పారో గాని మంచి పేరే పెట్టింది. ఇంకో అర్థం కూడా ఉంది. రాయను. నియమం.

వచ్చినవాళ్ళు అయిదుగురు, అందరూ షెడ్డులో నాచు తాళ్ళు పేనేవాళ్ళే. ముగ్గురు తమ పేర్లు రాయొద్దన్నారు. మిగిలిన ఇద్దరూ నూకరత్నం, పైడమ్మ. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. నా మోకాళ్ళు నేలతో మాటలు మానేసి చాలా కాలమైంది కనుక నాకు కుర్చీ.

పాదాలు నేలకు ఆనించి, ఏది ఆనిందో, ఏది ఆనలేదో చెప్పాలి. ఇవాళ్టికి అంతే.

నూకరత్నం: "మడమ ఆనింది. ఏళ్ళు ఆనినాయి. సిటికినేలు మట్టుకు ఆనదు. మా ఇంటాయన లాగే, లెక్కకి ఉంటాది, పనికి ఉండదు."

అందరూ నవ్వారు. పైడమ్మ నవ్వలేదు. మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి ఆనించుకుని ఉంది. కాలివేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి, నేలను పట్టుకుంటున్నట్టు. "పట్టుకుంటున్నట్టు" అనేది అర్థమా, వర్ణనా అని కెజియాని అడిగాను. కొట్టేయమంది. కొట్టెయ్యలేదు.

కుదురు 2
శుద్ధ షష్ఠి

ఇవాళ జంటలు. ఎదురెదురుగా కూర్చుని అరికాలికి అరికాలు ఆనించి తొయ్యాలి. అయిదుగురు కావడంతో ఒకరు మిగిలారు. "మామ్మగారూ, కలం కాసేపు పక్కన పెట్టండి" అంది కెజియా. నా కుర్చీ ముందు పీట వేసుకుని పైడమ్మ కూర్చుంది.

ముప్పై నాలుగేళ్ళ మనిషి. తడితాడు చుట్టలు, ఒక్కోటీ నలభై కిలోలు, భుజాన వేసుకుని రోజుకు ఇరవైసార్లు గట్టు ఎక్కుతుంది. నా కుర్చీ గట్టిగా తుమ్మితే జరిగే రకం. గోడకు గుద్దుకుంటానేమోనని వెనక్కి చూసుకున్నాను. అవసరం లేకపోయింది. ఆమె పాదాలు నా పాదాలకు ఆనాయి గాని తొయ్యలేదు. చల్లగా ఉన్నాయి. చీలమండల పైన కండరం ఒక్కసారి కదిలి ఆగిపోయింది.

"కాళ్ళకి సెప్తన్నాను మామ్మగోరూ. ఇంటన్నాయి. సెయ్యడం నేదు."

"మా ఇంట్లో అందరూ అంతేనమ్మా" అన్నాను.

కెజియా వచ్చి పక్కన కూర్చుంది. "తొయ్యకపోయినా పరవాలేదు పైడమ్మా. అక్కడే ఉండనీ. ఎక్కడ ఆగిందో చూడు."

"ఇక్కడ." తొడమీద చెయ్యి వేసింది. "ఇక్కడిదాకా వచ్చి ఎనక్కి ఎల్లిపోతంది."

ఎందుకు అని అడగబోయాను. ఈ గదిలో ఎక్కడ, ఎలా అనే రెండు ప్రశ్నలే ఉన్నాయి. ఎందుకు అనేది చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలి రావాలి.

కుదురు 3
శుద్ధ దశమి

కెజియా ఎవరినీ ఏం జరిగిందని అడగదు. పైడమ్మే చెప్పింది. పొద్దున షెడ్డు గోడకు ఒక కాగితం అంటించారట: దసరా నుంచి ఆడవాళ్ళ వరసకు పాత మేస్త్రీ తిరిగి వస్తాడని. అతని పేరు ఆమె పలకలేదు. నేనూ రాయను.

ఆమె మాటలు, ఉన్నవి ఉన్నట్టు:

"అయిదేళ్ళ కిందట, నాచు గోదాములో. తలుపు ఏసీసినాడు. నా సేతిలో కొక్కెం ఉంది, తాడు లాగే ఇనప కొక్కెం. పొడవొచ్చు. అరవొచ్చు, అవతల పదిమంది ఉన్నారు. కాళ్ళూ సేతులూ ఆడనేదు. నోరు తెరిసే ఉంది, గొంతు రానేదు. అంతా అయిపోయిందాకా ఆ కొక్కెం నా సేతిలోనే ఉంది."

తర్వాత చెవి ముందు కూర్చుని ఇదే చెప్పిందట. మనుషులు విని తీర్పు చెప్పిన రోజుల్లో డబ్బున్నవాడికి ఒకలా, లేనివాడికి ఒకలా వినిపించేది కనుక, ఫిర్యాదులు ఇప్పుడు చెవే వింటుంది. అది ఇచ్చిన కాగితం పైడమ్మ అయిదేళ్ళుగా నడుముకు దోపుకుని తిరుగుతోంది. మడతల దగ్గర చిరిగింది. "సదువుకున్నోరు, సదవండి" అని నా చేతికిచ్చింది.

కాగితంలో రెండు గళ్ళు. శరీరం చెప్పినది: ఖాళీ. మనసు చెప్పినది: కంగారు. కింద తీర్పు. శరీర సాక్ష్యం లేదు, ఫిర్యాదు నిలవదు. వినికిడిలో లోపం ఉన్నదని అయిదేళ్ళలోగా తేలితే తిరిగి వినబడును. అప్పటిదాకా ఆ మనిషి వేరే రేవులో ఉండును. గడువు తీరాక, అతని మీద ఇంకే ఫిర్యాదూ తెరిచి లేకపోతే తిరిగి రావచ్చును.

అయిదేళ్ళు ఈ అమావాస్యకు నిండుతాయి.

"మళ్ళీ వెళ్ళి వేరే మాటల్లో చెప్పకూడదా?" అని ఎవరో అడిగారు.

"మొదటి మాటే మాట" అంది పైడమ్మ. "రెండోసారి సెప్తే ఎవులో నేర్పించినట్టంట."

నూకరత్నం చీర చెంగు చూపుడువేలికి చుట్టుకుంది, వేలి కొస తెల్లబడేదాకా. ఇవాళ ఒక్క హాస్యమూ ఆడలేదు.

'కంగారు' అన్న మాట పైకి చదివినప్పుడు నా గొంతుకు ఏమీ కాలేదు. ఒళ్ళు ఏం చేసిందో రాయమన్నారు. ఏమీ చెయ్యలేదు.

ఏకాదశి, రాత్రి
(కుదురు కాదు. అయినా ఇక్కడే రాస్తున్నాను.)

నుడికోశం తీశాను. తియ్యకుండానే తెలుసు, అయినా తీశాను.

"కాళ్ళూ చేతులూ ఆడకపోవు. (నుడి.) అర్థం: కంగారు. గడి: మనసు. ఉదా: బస్సు తప్పిపోయేసరికి ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

అట్ట మీద సంపాదకురాలి పేరు: డాక్టర్ హైమవతి. నేనే.

పదకొండేళ్ళ కిందట చెవిని చేసినవాళ్ళు నా దగ్గరకు పరుగెత్తుకొచ్చారు. దానికి తెలుగు నేర్పుతుంటే ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు తీసుకుంటోందట. ఒకావిడ "గుండె చెరువైంది" అంటే పడవ పంపిందట. ఇంకొకావిడ ఆడపడుచు గురించి "కడుపు మండిపోయింది" అంటే నీళ్ళ గొట్టాలతో మనుషులొచ్చారట. నేను చాలా నవ్వాను. పదకొండు వందల నలభై నుడికారాలు పంపి, ఒక్కోదానికీ అర్థం రాసి, శరీరమా మనసా అని గడి నింపమన్నారు. ఒక వేసవిలో పూర్తి చేశాను. ఒళ్ళు పేరున్న ప్రతి నుడికారాన్నీ మనసు గడిలో వేసుకుంటూ పోయాను. ఒక్కొక్కటిగా చూడలేదు. చూడాల్సిన పని ఏముంది, నుడికారం అంటేనే అది కదా అనుకున్నాను. పీఠికలో నా వాక్యం ఒకటి అందరికీ నోటికి వచ్చు: "తెలుగువాళ్ళు ఒళ్ళు లేకుండా ఒక్క మాటా మాట్లాడలేరు." రాసి, ఆ ఒళ్ళు తీసేశాను.

ఉదాహరణ సంగతి. దాన్ని నేను కల్పించలేదు. మా ఇంట్లోనే దొరికింది.

మా అమ్మాయి వసుధకు అప్పుడు పందొమ్మిదేళ్ళు. కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చింది. ఒక కాలికే చెప్పుంది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. గుమ్మంలోనే నిలబడి "అమ్మా, బస్సులో... నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదమ్మా" అంది. నేను పేపరు మీంచి తలెత్తి, "కంగారు పడ్డావు, అంతే. మంచినీళ్ళు తాగు" అన్నాను. తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది కూడా. నేను మళ్ళీ అడగలేదు. ఆమె మళ్ళీ చెప్పలేదు. మొదటి మాటే మాట.

నుడికోశానికి ఉదాహరణ కావలసి వచ్చినప్పుడు ఆ వాక్యమే గుర్తొచ్చింది. ఉదాహరణ అన్నది క్లుప్తంగా, అందరికీ చదవదగినట్టు ఉండాలి. బస్సు ఉంచాను. మిగతాది తప్పిపోయింది అని రాశాను.

సాయంత్రం మిద్దె మీద ఆర్ద్రతో కలిసి ఎండేసిన నాచు తిరగేస్తూ అడిగాను. "మీ అమ్మ ఎప్పుడైనా బస్సు సంగతి ఏమైనా చెప్పిందా?"

"ఏ బస్సు?"

"ఏదో. పాత రోజుల్లో."

"అమ్మ జనం ఉన్న బండి ఏదీ ఎక్కదు కదా అమ్మమ్మా. ఎగువగట్టులో ఎక్కడికెళ్ళినా నడకే. నీకు తెలీదా?"

తెలుసు. ఆరోగ్యం మీద శ్రద్ధ అనుకున్నాను. నలుగురికీ అలాగే చెప్పాను, మెచ్చుకోలుగా.

కుదురు 4
పౌర్ణమి

గొంతులో గాలి ఆడించి 'మ్' అని ఒకే శ్రుతిలో పలకడం. ఎక్కడ అదురుతుందో చెయ్యి పెట్టి చూసుకోవాలి. పేరు చెప్పనివాళ్ళలో ఒకామెకు బొడ్డు దగ్గర, ఒకామెకు నుదుటి మీద. నూకరత్నానికి ముక్కులో. "జలుబు సేసిన తేనెటీగ లాగున్నాను" అంది. పైడమ్మది మెడ గుంట దాకా వచ్చి ఆగింది. మూడుసార్లూ అక్కడే.

నుడికోశం సంగతి నేను చెప్పలేదు.

ఎందుకో రాస్తాను. ఇది నా ఒంటి సంగతి కాదు, నియమం ఒప్పుకోదు, అయినా రాస్తాను. బహుళ పంచమి నాడు నుడికోశం ఏడో కూర్పు ఆవిష్కరణ. నాకు సన్మానం. శాలువా కప్పించుకున్నాక చెబుదామనుకున్నాను. అమావాస్యకు ఇంకా పదిహేను రోజులుందని లెక్క చూసుకున్నాను. రాస్తుంటే ఎంత నీచంగా ఉందో, మనసులో ఉన్నప్పుడు అంత లేదు. మనసులో అది కేవలం వీలు.

బహుళ పంచమి
(కుదురు కాదు)

శాలువా నైలాను. అధ్యక్షుడుగారు నన్ను "చెవికి తెలుగు నేర్పిన తల్లి" అన్నారు. పీఠికలో ఆ వాక్యం చదివి చప్పట్లు కొట్టించారు. నేను చెయ్యాల్సిన ప్రసంగం నాలుగు నిమిషాలు. అందులో ఒకచోట ఆగి, ఒక సవరణ ఉంది అనాలని అనుకుని వెళ్ళాను. ఆ చోటు వచ్చింది. మంచినీళ్ళు తాగాను. తర్వాతి వాక్యం చదివాను.

కుదురు 5
బహుళ నవమి

మోకాళ్ళు కొంచెం వంచి, వీపు గోడకు ఆనించి నిలబడాలి. కాళ్ళు అలిసి వణకడం మొదలవుతాయి. ఆపకూడదు.

పైడమ్మ తొడలు వణికాయి. వణుకు నడుముకు ఎక్కి, భుజాలకు ఎక్కి, పళ్ళు టకటకమన్నాయి. ఆమె కూర్చోబోయింది. కెజియా అరచెయ్యి ఆమె వీపు వెనక, గోడకూ వీపుకూ మధ్య పెట్టి ఉంచింది.

"ఆపొద్దు పైడమ్మా. కాళ్ళు అప్పుడు పరిగెడదామనుకున్నాయి. ఆ పరుగు వాటిలోనే ఉండిపోయింది. ఇప్పుడు తీస్తున్నాయి."

"అయితే అవి నా మాట ఇననట్టు కాదా?"

"కాదు. నిన్ను బతికించడానికి ఆగిపోయాయి. కుందేలు కూడా అంతే చేస్తుంది."

"ఓలమ్మ" అంది నూకరత్నం, నెమ్మదిగా. తనకు తాను చెప్పుకున్నట్టు అంది.

పైడమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. వణుకు ఆరు నిమిషాలకు తగ్గింది. పాదాలు ఎర్రగా ఉన్నాయి. ముట్టుకుని చూసింది. "ఎచ్చగున్నాయి" అని అందరికీ చూపించింది, పసిపిల్లలు పన్ను ఊడితే చూపించినట్టు.

నేను నోరు తెరిచాను. పైడమ్మ తిరిగి చూసింది. "ఏటి మామ్మగోరూ?"

"కుర్చీ కిర్రుమంటోంది" అన్నాను.

కుదురు 6
బహుళ త్రయోదశి

ఇవాళ పైడమ్మ అందరికన్నా ముందు వచ్చింది. నడుము నుంచి ఆ కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"మామ్మగోరూ, ఎల్లుండే అమాస. ఈ సెవికి ఇనడంలో లోపం ఏదో ఉండుంటాది. మీరు సదువుకున్నోరు. ఎక్కడుందో ఎతికి ఓ అర్జీ రాసి పెట్టండి. ఆడు దసరాకి వత్తే నాను ఆ వరసలో నిలబడనేను. నా కాళ్ళు ఇప్పుడిప్పుడే నావి అవతన్నాయి."

మిగతావాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు. నేను కాగితం మడత పెట్టాను, విప్పాను.

"లోపం వెతకనక్కర్లేదమ్మా. లోపం నేను."

చెప్పాను. నుడికోశం, గళ్ళు, ఒక్కటొక్కటి చూడకుండా నింపిన ఆ వేసవి. బస్సు సంగతి కూడా చెప్పాను, అది వాళ్ళకు అక్కర్లేకపోయినా. చెప్పడం అయ్యాక కెజియా అడిగింది.

"ఎక్కడ మామ్మగారూ?"

"ఏది?"

"ఇప్పుడు ఇది చెబుతుంటే. ఒంట్లో ఎక్కడ?"

చూసుకున్నాను. నాలుక కింద. చేదుగా. చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి, ఎవరివో తెచ్చి అక్కడ పెట్టినట్టు.

పైడమ్మ గొంతు మామూలుగానే ఉంది. "ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు చదవమన్న రోజే."

"అది దశిమి."

"అవును."

ఆమె కుడిచెయ్యి ఎత్తి బొటనవేలితో కణుపులు లెక్కపెట్టింది. షెడ్డులో వీళ్ళంతా పోట్లు లెక్కపెట్టేది అలాగే. పైకే లెక్కపెట్టింది. ఏకాశి, దోశి, తెదశి, సతుర్దశి, పున్నమి. పాడిమి, విదియ, తదియ, సవితి. పంచిమి దగ్గర బొటనవేలు ఒక్క క్షణం ఆగింది, ఆ రోజు నాకు సన్మానమని గట్టంతా తెలుసు. మళ్ళీ కదిలింది. సట్టి, సత్తిమి, అట్టిమి, నవిమి, దశిమి, ఏకాశి, దోశి, తెదశి.

"పద్దెనిమిది" అంది.

నేను తల దించుకున్నాను. దించుకున్నానని రాస్తున్నాను, అర్థం రాయడం లేదు.

"ఇంకా రెండ్రోజులుంది కదా" అంది నూకరత్నం గట్టిగా. "ఎల్లండి మామ్మగోరూ. ఇయ్యాల ఆఫీసు మూసీసుంటాది, రేపు తెల్లారి ఎల్లండి. మాటాడ్డం వచ్చు కదా మీకు, ఎల్లి మాటాడండి."

చతుర్దశి
(కుదురు కాదు)

ఆఫీసు తెరవక ముందే వెళ్ళాను. లోపల ఒక గుమాస్తా ఉన్నాడు, మర్యాదస్తుడు. నా పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. అది ఇంకా బాధ.

"సవరణ పెట్టొచ్చు మామ్మగారూ. సంపాదకురాలు స్వయంగా చెబితే వెంటనే తీసుకుంటుంది. కానీ పాత వాంగ్మూలాలన్నిటినీ కొత్త అర్థంతో తిరగేసి చూసుకోవడానికి దానికి మూడు రోజులు పడుతుంది. అప్పుడే లోపం తేలినట్టు లెక్క."

"రేపు అమావాస్య."

"అవునండీ."

"ఒక్క కాగితం ముందు చూడమను."

"వరస దాటించడం దాని చేతిలో లేదు. నా చేతిలో అసలే లేదు."

"మీరు మనిషి కదా నాయనా."

"ఉద్యోగం మనిషిదే మామ్మగారూ. మాట దానిది." కాగితాలు సర్దుకుంటూ, "ఏకాదశికి వచ్చి ఉంటే సరిపోయేదండీ" అన్నాడు. అతనికి తెలియదు. అతను బహుళ ఏకాదశి గురించి అన్నాడు. నాకు అంతకన్నా ముందు ఇంకొక ఏకాదశి కూడా ఉంది.

గోడకున్న చెవి ముందు కూర్చుని "విను" అన్నాను. అర్థం చెప్పాను: శరీరం కదలలేని స్థితి, ప్రమాదంలో ఒళ్ళు తనంతట తాను ఆగిపోవడం. గడి: శరీరం. మిగతా పదకొండు వందల ముప్పై తొమ్మిదీ తిరిగి చూసేదాకా ఒళ్ళు పేరున్న ఏ నుడికారాన్నీ నమ్మొద్దని చెప్పాను.

"ఉదాహరణ మార్చాలా?" అని అడిగింది. ఆడగొంతు, నా ఉచ్చారణ. నా క్లాసుల నుంచే నేర్చుకుంది.

"మార్చు. రాసుకో. బస్సులో ఒకడు పక్కన కూర్చుని చేసిన పనికి అమ్మాయికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంటికి వచ్చి తల్లికి చెప్పింది. తల్లి మంచినీళ్ళు తాగమంది."

"ఉదాహరణ నిడివి ఎక్కువగా ఉంది."

"ఉండనీ."

తిరిగి వస్తూ దారిలో కూర్చుని, నాచు కాగితం మీద వసుధకు రెండు వాక్యాలు రాశాను. ఆ రోజు నేను అడగవలసింది అడగలేదు. నీకు చెప్పాలని ఉంటే ఇప్పుడు వింటాను. ఎగువగట్టు వెళ్ళే పడవలో ఇవ్వమని ఆర్ద్రకు ఇచ్చాను. జవాబు వస్తే ఈ పుస్తకంలో రాయను. రాకపోయినా రాయను.

కుదురు 7
ఆశ్వయుజ శుద్ధ విదియ

చెవి లెక్క తేల్చింది. గుమాస్తా కాగితం పొద్దున ఇంటికే పంపాడు. కుదురులో పైకి చదివాను.

'కాళ్ళూ చేతులూ ఆడలేదు' అని చెప్పగా కంగారు కింద వేసి కొట్టేసిన ఫిర్యాదులు రెండు వందల పన్నెండు. వాటిలో అయిదేళ్ళు నిండి మూసేసినవి నూట ఎనభై ఒకటి. తిరిగి వినబోయేవి ముప్పై ఒకటి.

పైడమ్మది నూట ఎనభై ఒకటిలో ఉంది. రెండు రోజుల తేడాతో ఉంది.

ఆ మాట నేను పైకి చదవాల్సిన పని లేదు, ఆమెకు ముందే తెలుసు. అయినా చదివాను. ఆమె విన్నది. మోకాళ్ళు దూరంగా ఉన్నాయి, పాదాలు నేలకు పూర్తిగా ఆని ఉన్నాయి. చిటికెన వేలుతో సహా.

తర్వాత నూకరత్నం, నేల చూస్తూ:

"ఆ ముప్పై ఒకటిలో రెండేళ్ళ కిందటివి ఉంటాయా మామ్మగోరూ?"

"ఉంటాయి."

"నాచు గోదాములోవి?"

పైడమ్మ మెడ తిరిగింది. నూకరత్నం చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది.

"నీకు ఇనని సెవి నాకేటి ఇంటాదనుకున్నాను" అంది పైడమ్మతో. "అయినా ఎల్లి సెప్పినాను. నాదీ అదే కాగితం. అదే గడి. ఆడప్పుడు ఏరే రేవులో ఉన్నా సరుకు సూసుకోటానికి వచ్చీవోడు కదా. ఎలాగూ ఏరే రేవులోనే ఉన్నాడని, ఆడిని దూరం పెట్టే మాట నా కాయితంలో ఎయ్యనేదు. నాను జోకులాడతాను కదా, ఎవులూ అడగనేదు."

"నాను అడగనేదు" అంది పైడమ్మ.

"నువ్వు ఎవులినీ ఏటీ అడగవు కదే."

ఒక్క ఫిర్యాదు తెరిచి ఉన్నా ఆ మనిషి తిరిగి రాకూడదు. అది ఆ పాత కాగితంలోనే ఉంది. దసరాకు ఆడవాళ్ళ వరసకు వేరే మేస్త్రీని చూసుకోవాలి. నూకరత్నం మాట మళ్ళీ వింటారు. పైడమ్మది ఎవరూ వినరు. ఆమె చెప్పింది నిజమని ఏ కాగితం మీదా ఉండదు, ఇక్కడ తప్ప. ఈ పుస్తకం సాక్ష్యానికి చెల్లదు.

పైడమ్మ లేచి నూకరత్నం పక్కకు జరిగి కూర్చుంది. భుజానికి భుజం తగిలింది. అలాగే కాసేపు.

నేను పైడమ్మతో ఏదో అనబోయాను. క్షమించు అన్న మాటకు నుడికోశంలో ఏడు పర్యాయపదాలు ఇచ్చాను. ఒక్కటీ రాలేదు.

"ఏటీ సెప్పకండి మామ్మగోరూ" అంది. "మీరు సెప్పిందంతా నాను ఇన్నాను. నాకు సల్లారనేదు. సల్లారుతాదని కూడా సెప్పను."

"సరేనమ్మా."

"కుర్సీ ఇటు తిప్పండి."

తిప్పాను. ఆమె పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. చెప్పులు లేని పాదాలు ఎత్తి నా అరికాళ్ళకు ఆనించింది. నా ఒళ్ళో పుస్తకం అలాగే ఉంది, కలం చేతిలోనే ఉంది.

ఒళ్ళు ఏం చేసిందో రాస్తున్నాను.

ఆమె పాదాలు వెచ్చగా ఉన్నాయి. మడమ ముందు ఆనింది, తర్వాత వేళ్ళు. చీలమండ పైన కండరం కదిలింది. ఆగలేదు. మోకాలు కదిలింది, తొడ కదిలింది, ఆమె రెండు చేతులతో పీట అంచు పట్టుకుంది. నోరు తెరిచింది. మెడ గుంట దాటి పైకి ఒక శబ్దం వచ్చింది. అది ఏ మాటా కాదు.

తోసింది.

నా కుర్చీ కాళ్ళు నేలను గీస్తూ వెనక్కి జరిగాయి. జరుగుతూనే ఉన్నాయి. నా మోకాళ్ళు మడతపడ్డాయి, నొప్పి పుట్టింది, ఆపమని అనలేదు. కుర్చీ వీపు గోడకు గుద్దుకుంది, చెవి పీకేసిన కన్నం కిందనే. కన్నంలోంచి ఒక గుడ్డపీలిక జారి నా భుజం మీద పడింది.

ఆమె ఇంకా తోస్తోంది.

అర్థం రాయలేదు.